జారిపోయే వాయువుకు కాపలా

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే బస్సు మొగిలి ఘాట్ ఎక్కేసరికి కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. కింద బంగారుపాళెం దగ్గర చెమటలు పట్టించిన ఎండ పైకొచ్చాక మెత్తబడుతుంది. అక్కడి నుంచి ఇటు పుంగనూరు, మదనపల్లె, అటు కుప్పం అన్నీ ఒకే అరుగు మీద కూర్చున్న ఊళ్లు. మైసూరు పీఠభూమికి తూర్పు అంచు ఇది. సముద్రమట్టానికి సుమారు ఆరేడు వందల మీటర్ల ఎత్తు. డ్రైవరు గేరు మార్చుకుంటూ పోయే ఆ కొద్ది కిలోమీటర్లలో ప్రయాణికులు ఎక్కేది నిజానికి ఒక పెద్ద మెట్టు. ఆ మెట్టు ఎప్పుడు తయారైంది?

రాయి వయసు అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. కుప్పానికి గంట ప్రయాణంలో ఉన్న కోలారు బంగారు పట్టీకి తూర్పున పరుచుకున్న కంభా నైస్ రాళ్ల వయసును క్రోగ్‌స్టాడ్, హాన్సన్, రాజామణి అనే శాస్త్రవేత్తలు 1991లో ప్రచురించారు. జిర్కాన్, స్ఫీన్ ఖనిజాల్లోని యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి చెప్పిన లెక్క అది: దాదాపు 253 కోట్ల ఏళ్లు. ఆ బంగారు పట్టీ దక్షిణపు కొసే కుప్పం ప్రాంతంలోకి వచ్చి బిసానత్తం, చిగరగుంట గనుల దగ్గర కనిపిస్తుంది. అయితే ఇటుక కాల్చిన ఏడాది వేరు, ఇల్లు కట్టిన ఏడాది వేరు. రాయి 253 కోట్ల ఏళ్ల నాటిదైనా, దాని మీదున్న కిలోమీటర్ల మందం రాళ్లు అరిగిపోయి అది ఎండ మొహం చూసింది చాలా చాలా తర్వాత. మెట్టు వయసు కావాలంటే ఆ రెండో తేదీ పట్టుకోవాలి.

దాన్ని పట్టుకునే గడియారాల్లో ఒకటి హీలియం. పుట్టినరోజు పండక్కి కట్టిన ఎగిరే బెలూన్ మర్నాటికి ముడుచుకుపోయేది ఈ హీలియం వల్లే. ఎంత గట్టిగా ముడివేసినా రబ్బరు గోడలోంచే జారిపోతుంది. అలాంటి జారుడు వాయువును నమ్మి కోట్ల ఏళ్ల లెక్కలు రాయడం వింతే. కానీ ఈ కథలో హీలియం జారిపోవడమే అసలు సమాచారం. దాన్ని చదవాలంటే మాత్రం రవ్వంత కూడా జారనివ్వని యంత్రం కావాలి. అలాంటి యంత్రాలను చాలా ప్రయోగశాలలు తమ చేతులతో తామే కట్టుకుంటాయి.

*

హీలియం కథకు మొదటి పేజీ తెలుగునేల మీదే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ వర్ణపటదర్శినిని గుంటూరులో నిలబెట్టుకున్నాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆరు నిమిషాల లోపు సమయంలో అంచు మీద ఎగసిన మంటల కాంతిని విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలి కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు పొద్దున్నే మామూలు సూర్యుడి మీద గురిపెట్టి చూశాడు. కనిపించాయి. అదే గ్రహణాన్ని మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. ఆ వర్ణపటంలో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతకు పక్కిల్లే గానీ, సోడియం గీత కాదు.

లండన్‌లో నార్మన్ లాకియర్‌కూ గ్రహణం అక్కర్లేదన్న ఉపాయమే తట్టింది. కానీ ఆయన చేయించుకుంటున్న వర్ణపటదర్శిని తయారీలో ఆలస్యమైంది. అక్టోబరులో చేతికి రాగానే ఆయనా ఆ గీతలు చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్‌లోని సైన్స్ అకాడమీకి అక్టోబరు 26న, ఒకే రోజున చేరాయి. పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చుకున్న లాకియర్, గ్రీకులో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టాడు. హీలియాన్ని గుంటూరులో కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట పూర్తి నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

భూమ్మీద హీలియం దొరికింది 1895 మార్చిలో. అమెరికాలో విలియం హిల్లెబ్రాండ్ అంతకు ముందే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును నైట్రోజన్ అనుకుని వదిలేశాడు. లండన్‌లో విలియం రామ్‌సే అదే జాతి ఖనిజం క్లీవైట్‌ను తీసుకుని మళ్లీ చూశాడు. గాజుగొట్టంలో వెలిగిన వాయువు కాంతిలో అదే పసుపు గీత. సూర్యుడి వాయువు యురేనియం రాయిలో ఎందుకుంది?

ఎందుకంటే యురేనియం, థోరియం అణువులు విచ్ఛిన్నమవుతూ బయటికి విసిరే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమే. ఒక యురేనియం-238 అణువు సీసంగా స్థిరపడేలోపు ఎనిమిది ఆల్ఫాలను విసురుతుంది, యురేనియం-235 ఏడింటిని, థోరియం ఆరింటిని. దీన్ని అనుమానానికి తావు లేకుండా చూపించింది రూథర్‌ఫర్డ్, రాయ్‌డ్స్‌ల ప్రయోగం. 1909లో అది అచ్చయింది. అందులో అసలు పనితనం గాజుపనివాడు ఒట్టో బౌమ్‌బాక్‌ది. మిల్లీమీటరులో వందో వంతు కంటే పలచని గోడతో ఆయన ఒక గాజుగొట్టం ఊదాడు. ఆల్ఫా కణాలు దాటగలిగేంత పలచన, వాయువు కారనంత గట్టి. లోపల ఆల్ఫాలు విసిరే రేడాన్ వాయువు నింపితే కొద్ది రోజుల్లో బయటి పాత్రలో హీలియం గీతలు మెరిశాయి. ఆ పలచని గొట్టంలో మామూలు హీలియం నింపితే మాత్రం అది బయటికి రాలేదు. అంటే వచ్చింది కారిన వాయువు కాదు, గోడను చీల్చుకొచ్చిన ఆల్ఫాలే. లీకు పరీక్ష చేయకపోతే ఆ ఫలితానికి విలువే లేదు. అప్పటికీ ఇప్పటికీ హీలియం పనిలో మొదటి నియమం అదే.

*

హీలియం పోగవుతూ ఉంటే దాన్ని కొలిచి వయసు చెప్పవచ్చన్న ఆలోచనా రూథర్‌ఫర్డ్‌దే. ఫెర్గుసొనైట్ అనే ఖనిజంలోని హీలియాన్ని బట్టి అది 40 కోట్ల ఏళ్లకు తక్కువ ఉండదని 1906 నాటికి ఆయన లెక్కకట్టాడు. భూమి వయసే రెండు మూడు కోట్ల ఏళ్లని కెల్విన్ వంటి పెద్దలు వాదించిన రోజులకు ఇది ఎంతో దూరం కాదు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ స్ట్రట్ ఆ పనిని మరింత ముందుకు తీసుకెళ్లాడు. ఆయనకే చిక్కు ఎదురైంది. ఖనిజాన్ని పొడి చేస్తే, పుట్టే హీలియం కంటే పారిపోయే హీలియమే ఎక్కువ. కాబట్టి తను చెప్పేవన్నీ కనీస వయసులేనని స్ట్రట్ ఒప్పుకోవాల్సి వచ్చింది. యురేనియం-సీసం పద్ధతి వచ్చాక హీలియం గడియారాన్ని చిల్లుకుండ కింద జమకట్టి దాదాపు మూలన పడేశారు.

దాన్ని మళ్లీ దులిపి తీసింది 1987లో. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీటర్ జైట్లర్, ఆయన సహచరులు అపటైట్ అనే ఖనిజం మీద పనిచేస్తూ ప్రశ్నను తిరగేశారు. అపటైట్ కాల్షియం ఫాస్ఫేటు, మన పంటి పింగాణీకి దగ్గరి చుట్టం. ఇందులోంచి హీలియం ఎప్పుడు కారుతుంది, ఎప్పుడు నిలుస్తుంది? వేడిగా ఉన్నప్పుడు కారుతుంది, చల్లారాక నిలుస్తుంది. అలాగైతే లోపల మిగిలిన హీలియం చెప్పేది పుట్టిన తేదీ కాదు, చల్లారిన తేదీ. అన్నం ఎప్పుడు వండారో ఒక గడియారం చెబితే, ఎప్పుడు చల్లారిందో ఇది చెబుతుంది. 1990లలో కాలిఫోర్నియాలో కెన్నెత్ ఫార్లీ బృందం ఆ హద్దును కొలిచి పెట్టింది. అపటైట్‌కు సుమారు 70 డిగ్రీలు. జిర్కాన్‌కు సుమారు 180 అని తర్వాత తేలింది. చిల్లుకుండ ఉష్ణమాపకం అయింది.

70 డిగ్రీలంటే భూమిలో ఎంత లోతు? కుప్పం వాళ్లు దీనికి పుస్తకం తిరగెయ్యనక్కర్లేదు. కోలారు గనుల్లో పనిచేసిన కుటుంబాలు ఆ పక్క ఊళ్లలో చాలానే ఉన్నాయి. 2001లో మూతపడిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. మనుషులు పనిచెయ్యాలంటే చల్లబరిచిన గాలిని కిందికి పంపాల్సి వచ్చేది. ఆ గొయ్యి ఈ పీఠభూమి ఒంట్లో పెట్టిన పెద్ద థర్మామీటరన్నమాట. అదే వేడిలో అట్టడుగు రాతిలోని అపటైట్ గింజ హీలియాన్ని సగం సగం పోగొట్టుకుంటూ ఉంటుంది. పైన ఎండలో పడి ఉన్న గింజ భద్రంగా దాచుకుంటుంది. అంటే ఈ ప్రాంతంలో అపటైట్ గడియారం తిరగడం మొదలయ్యేది, రాయి నేలకు సుమారు మూడు, మూడున్నర కిలోమీటర్ల లోతుకు వచ్చినప్పుడు.

ఒక లెక్క వేసి చూద్దాం. మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్, అంటే మన ఏనుగు మల్లమ్మ కొండ, పన్నెండు వందల మీటర్లు దాటిన ఎత్తు. అక్కడి రాతిలోని ఒక గింజ 15 కోట్ల ఏళ్లని చెప్పిందనుకుందాం. ఇది ఊహ మాత్రమే. మూడు కిలోమీటర్ల మందం 15 కోట్ల ఏళ్లలో పోయిందంటే, వెయ్యేళ్లకు రెండు సెంటీమీటర్లు. కాకతీయుల కాలం నుంచి నేటి దాకా అరిగింది సుమారు వేలి మందం. కొండ పైన, ఊళ్లో, ఘాట్ కింద, మూడు చోట్లా గింజలు ఏరి చూస్తే వయసుల తేడాను బట్టి మెట్టు ఎప్పుడు, ఎంత వేగంగా చెక్కబడిందో తెలుసుకునే దారి దొరుకుతుంది.

*

ఇక కొలిచే యంత్రం సంగతి.

ముందు కొలవాల్సినదెంతో చూడాలి. మంచి అపటైట్ గింజ పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు, వెడల్పు పదో వంతు. బరువు ఐదు మైక్రోగ్రాములు. అందులో యురేనియం పది లక్షల్లో 20 వంతులుంటే, ఐదు కోట్ల ఏళ్లలో పోగయ్యే హీలియం సుమారు 1,600 కోట్ల అణువులు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ మనం పీల్చే గాలిలోనూ పది లక్షల్లో ఐదు వంతులకు పైగా హీలియం ఉంది. ఆ లెక్కన గసగసాల గింజంత గాలిబుడగ లోపలికి దూరితే చాలు, ఐదు కోట్ల ఏళ్ల పొదుపుకు సమానమైన హీలియం ఒక్క క్షణంలో వచ్చి కలుస్తుంది. కొండ వయసు కాస్తా రెట్టింపవుతుంది. పనివాడి తప్పును కొండ నెత్తిన రుద్దినట్టవుతుంది.

అందుకే ఈ యంత్రం గుండె కొలమానం కాదు, శూన్యం. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు, కవాటాలు, పంపులు కలిసిన ఒక అల్లిక. దాన్ని లైను అంటారు. అందులో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో లక్ష కోట్లో వంతుకు దిగాలి. రబ్బరు వాషర్లు పనికిరావు, హీలియం వాటిలోంచి నడిచిపోతుంది. మామూలు పైరెక్స్ గాజునూ నమ్మలేం, బయటి గాలిలోని హీలియం దాన్నీ మెల్లగా దాటుతుంది. అందుకే అతుకు పెట్టే చోట రెండు స్టీలు చక్రాల మధ్య రాగి రింగు పెడతారు. చక్రాల మీద కత్తి అంచులాంటి గట్లుంటాయి. బోల్టులు బిగించేకొద్దీ అవి రాగిలోకి దిగి కరుచుకుంటాయి. ఒకసారి విప్పితే ఆ రింగు అవతల పారెయ్యాల్సిందే.

వర్క్‌షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ తెలిసినవాళ్లకి కొదవ లేదు. డెయిరీల్లో స్టీలు గొట్టాలు అతికేది ఆ వెల్డింగుతోనే. కానీ ఇక్కడ అతుకు గొట్టం లోపలి వైపు నుంచి వెయ్యాలి. బయటి నుంచి వేస్తే లోపల వెంట్రుక సందులాంటి చీలిక మిగిలి, అందులో ఇరుక్కున్న గాలి నెలల తరబడి కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. ఎక్కడా చిల్లు ఉండదు, కానీ లీకు ఉంటుంది. లోపల వాడే ప్రతి స్క్రూకీ ఇదే గొడవ. మర అడుగున చిటికెడు గాలి చిక్కుకుంటుంది. అందుకని స్క్రూ నడిమధ్యన ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి రంధ్రం తొలుస్తారు. బయటివాళ్లకు అది పాడైన స్క్రూలా కనిపిస్తుంది. వేలిముద్ర పడినా పనికిరాదు, ఆ జిడ్డు ఆవిరవుతూనే ఉంటుంది. గ్లవుజులు, అసిటోన్, ఆల్కహాల్, మళ్లీ గ్లవుజులు.

కట్టాక కాల్చాలి. లోహం ఒంటిని అంటుకున్న నీటి పొర పంపుకు లొంగదు. అందుకే గొట్టాలన్నిటికీ కరెంటు పట్టీలు చుట్టి, పైన చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిలే కప్పి, రాత్రింబవళ్లు వేడి చేస్తారు. ఈ దశలో కోట్ల విలువైన ప్రయోగశాల కూడా పెళ్లి వంటశాలలా కనిపిస్తుంది. కరెంటు పోతే ఏ కవాటం తనంతట తాను మూసుకోవాలి, ఏది తెరిచి ఉండాలి అన్నది ముందే ఆలోచించి పెట్టాలి. లేకపోతే వారం రోజుల పని నిమిషంలో గాలికి పోతుంది. ఇన్వర్టరు బ్యాటరీల బాగోగులు తెలిసిన మన ఊళ్లవాళ్లకి ఈ జాగ్రత్త కొత్తగా నేర్పనక్కర్లేదు.

లీకు ఎక్కడుందో వెతకడానికి వాడేది కూడా హీలియమే. లైనుకు ఒక గుర్తింపు యంత్రం తగిలించి, బయట ఒక్కో అతుకు మీద సన్నటి సూదితో హీలియం ఊదుతారు. ఎక్కడ సందు ఉంటే అక్కడ అది దూరి, తెర మీద అంకె ఎగబాకుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా యురేనియం కర్మాగారాల్లోని అసంఖ్యాక అతుకులను పరీక్షించడానికి ఆల్‌ఫ్రెడ్ నీర్ రూపొందించిన పద్ధతి ఇది. అంతకు ముందు అణువులను బరువును బట్టి విడదీసే, సొంతంగా కట్టుకున్న ద్రవ్యరాశి మాపకంతో యురేనియం-సీసం వయసులకు గట్టి పునాది వేసినవాడూ ఆయనే. అయితే ఈ పరీక్ష చేసిన గదిలో ఆ పూటకి రాయి కొలవరు. గాలిలో కలిసిన హీలియం చెదిరేదాకా కిటికీలు తెరిచి ఊరుకోవాలి.

*

గింజను సిద్ధం చేసే పని చూస్తే మన ఇళ్లలోని చేట గుర్తొస్తుంది. రాయిని దంచి, జల్లించి, నీళ్లు పారే వాలు బల్ల మీద చెరిగి, బరువైనవి ఒకవైపు చేరుస్తారు. అయస్కాంతంతో కొన్నింటిని, బరువైన ద్రవాల్లో ముంచి మరికొన్నింటిని వేరు చేస్తారు. చివరికి మైక్రోస్కోపు కింద సూదిమొనతో ఒక్కొక్క గింజను ఏరడమే. పగులు ఉండకూడదు, లోపల వేరే ఖనిజం నలుసు ఉండకూడదు. ఐదు కిలోల రాయిలో పనికొచ్చేవి పది గింజలు దొరికితే ఆ రోజు పండగే.

ఏరిన గింజను నయోబియం లేదా ప్లాటినం గొట్టంలో పెట్టి రెండు చివరలూ నొక్కేస్తారు. అచ్చం తాయెత్తే. కాకపోతే దీని పొడవు ఒక మిల్లీమీటరు. ఆ తాయెత్తులను ఒక పళ్లెం గుంటల్లో పేర్చి, నీలమణి స్ఫటికం కిటికీ బిగించిన గదిలో పెడతారు. కిటికీలోంచి లేజరు పడగానే తాయెత్తు ఎర్రగా కాగుతుంది. నాలుగైదు నిమిషాల్లో కోట్ల ఏళ్ల హీలియం బయటికొచ్చేస్తుంది. ఇంకా మిగిలిందేమోనని రెండోసారి కాల్చి చూస్తారు.

బయటికొచ్చిన వాయువుల్లో హీలియంతో పాటు ఆవిరి, హైడ్రోజన్, కార్బన్ వాయువులూ ఉంటాయి. వీటిని తినెయ్యడానికి గెట్టర్ అనే లోహమిశ్రమం ఉంటుంది. తగిలిన ప్రతి వాయువునూ తనలో కలిపేసుకుంటుంది. ఎవరితోనూ పొత్తు పెట్టుకోని హీలియం వంటి జడవాయువులే తప్పించుకుంటాయి. కొన్ని చోట్ల ఇంకో మెట్టు ఉంది: బొగ్గు పొడిని సున్నాకు 250 డిగ్రీల కిందికి చల్లబరిచి హీలియాన్ని కూడా దానికి అంటించి, తర్వాత కొంచెం వేడెక్కించి దాన్నొక్కదాన్నే విడుదల చేస్తారు.

ఇప్పుడు లెక్కపెట్టాలి. 1,600 కోట్ల అణువులను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. బియ్యం రాశిలో గింజలెన్నో తెలియాలంటే ఒక ఉపాయం ఉంది. లెక్కపెట్టి వెయ్యి తలంబ్రాల గింజలు అందులో వేసి, బాగా కలియబెట్టి, గుప్పెడు తీసి, పసుపు గింజకు తెల్ల గింజలెన్నో చూస్తే రాశి మొత్తం తేలిపోతుంది. ఇక్కడ తలంబ్రాలు హీలియం-3. రాతిలో పుట్టేది హీలియం-4 కాబట్టి రెండూ వేరుగా కనిపిస్తాయి. తెలిసినంత హీలియం-3ని ఒక స్టీలు డబ్బాలో దాచి, రెండు కవాటాల మధ్య ఉన్న చిన్న గొట్టంతో ప్రతిసారీ ఒకే కొలత వదులుతారు. పాలు పోసే మనిషి క్యాన్‌లోంచి చెంబుతో కొలిచినట్టే. ఒక తేడా ఉంది. ఇక్కడ ఒక్కో చెంబు తీసేకొద్దీ డబ్బాలో మట్టం దిగదు, వాయువు పలచబడుతుంది. వెయ్యోసారి తీసిన చెంబు మొదటి చెంబంత చిక్కగా ఉండదు. అందుకే ఎన్నోసారి తీశారో ప్రతి ప్రయోగశాలా పుస్తకంలో రాసుకుంటుంది. ఒక అంకె రాయడం మరిస్తే ఆ తర్వాతి వయసులన్నీ పక్కకు జరుగుతాయి.

నిష్పత్తి చూసేది క్వాడ్రుపోల్ ద్రవ్యరాశి మాపకం. నాలుగు సన్నటి కడ్డీల మధ్య వేగంగా తారుమారయ్యే విద్యుత్తు, కోరిన బరువున్న అణువునే దాటనిస్తుంది. పరికరం అరచేతిలో పట్టేంత చిన్నది. పుంగనూరు ఆవు లాగా పొట్టిదైనా పనిలో గట్టిది. కానీ దీనికొక చూపు లోపం ఉంది. హీలియం-3 బరువు 3.016. హైడ్రోజన్‌తో దాని బరువైన సోదరుడు డ్యుటీరియం జతకడితే ఆ జంట బరువు 3.022. క్వాడ్రుపోల్ కంటికి రెండూ ఒకటే. స్టీలు గోడల్లోంచి హైడ్రోజన్ ఊరడం ఆగదు కాబట్టి, ప్రతి కొలతలోనూ హైడ్రోజన్ ఎంతుందో పక్కనే చూసి ఆ మేరకు తీసివెయ్యాలి. లేదా రెంటినీ విడదీయగల పెద్ద అయస్కాంత యంత్రం కావాలి. దాని ధర వేరు, దాన్ని పోషించే కష్టం వేరు.

ఇంత తంటా ఎందుకు, కొనుక్కోవచ్చు కదా? కొనుక్కోవచ్చు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఆల్ఫాక్రాన్ పేరుతో పూర్తి యంత్రాన్నే అమ్మకానికి తెచ్చింది. గింజల వయసులు వరసగా కావాల్సినవాళ్లకు అది చాలు. గింజను ఒక్కసారే కాల్చకుండా, నెమ్మదిగా వేడి పెంచుతూ హీలియం ఏ వేడిలో ఎంత కారుతుందో చూడాలనుకుంటే కథ మారుతుంది. కొలిమి మార్చాలి, గొట్టాల ఘనపరిమాణం తగ్గించాలి, కవాటాలు నడిపే ప్రోగ్రాం తిరగరాయాలి. తను కట్టిన లైనైతే ఏ మూల ఏముందో కట్టినవాడికి తెలుసు. రాత్రి రెండింటికి అంకె అడ్డదిడ్డంగా పోతే మూత విప్పే ధైర్యం ఉండేది ఆ మనిషికే.

*

సొంతంగా కట్టుకునే అలవాటు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కోలారు గనుల్లోనే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడ దొరికింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హం కలిసి చేసిన పని. ఆ పత్రం రచయితల్లో మీనన్, శ్రీకంఠన్‌లతో పాటు నరసింహం, రమణమూర్తి పేర్లున్నాయి. కిందికి దించిన పరికరాలు అంగడిలో దొరికినవి కావు. ప్లాస్టిక్ మెరుపు పలకలు, నియాన్ నింపిన గాజుగొట్టాలు పేర్చి కట్టినవి. (నియాన్ హీలియానికి వరసకు తమ్ముడు.)

ఆల్ఫా కణాల జాడనైతే మనవాళ్లు ఇంకా ముందే చదివారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖను నడిపిన సి. మహదేవన్, సి.వి. రామన్ దగ్గర పనిచేస్తూ 1920లలోనే కార్డియరైట్ ఖనిజంలోని రంగు వలయాలను పరిశీలించాడు. రాతిలో చిక్కుకున్న జిర్కాన్ నలుసు చుట్టూ ఏర్పడే చిన్న గుండ్రటి మచ్చలవి. నలుసులోంచి దూసుకొచ్చిన ఆల్ఫా ఎంత దూరం పోయి ఆగిందో ఆ మచ్చ వ్యాసార్ధం చెబుతుంది. వాల్తేరులో ఆయన శిష్యుడు ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ రేడియోధార్మికతతో రాళ్ల చరిత్ర చదివే విద్యకు దేశంలో పునాది వేసినవాళ్లలో ఒకడు. 1964లో తూర్పు కనుమల, కడప రాళ్ల ఐసోటోపు వయసులు ప్రచురించాడు.

ఆ వలయాల దూరమే నేటి హీలియం లెక్కలో ఒక సవరణగా మళ్లీ వస్తుంది. అపటైట్‌లో ఆల్ఫా సుమారు 20 మైక్రాన్లు పోతుంది. గింజ వెడల్పే వంద మైక్రాన్లు కాబట్టి, అంచు దగ్గర పుట్టిన ఆల్ఫాల్లో చాలావాటికి బయటికి దూకే దారుంది. కాబట్టి గింజ కొలతలు తీసుకుని ఎంత పోయిందో అంచనా కట్టి కలపాలి. చిన్న గింజలో ఈ సవరణ మూడో వంతుకు చేరుతుంది. ఏరేటప్పుడు పెద్ద గింజ కోసం కళ్లు కాయలు కాచేలా చూసేది అందుకే.

ఈ పీఠభూమి పాత రాళ్లతో ఇంకో పేచీ ఉంది. కోట్ల ఏళ్లుగా లోపల జరిగిన విచ్ఛిన్నాల వల్ల స్ఫటికం గాయపడుతుంది. ఆ గాయాల గుంటల్లో హీలియం చిక్కుకుని, 70 డిగ్రీల దగ్గర జారాల్సింది ఇంకా ఎక్కువ వేడి దాకా ఆగిపోతుంది. యురేనియం ఎక్కువున్న గింజ ఎక్కువ గాయపడుతుంది, ఎక్కువ పట్టుకుంటుంది. ఒకే రాతిలో పక్కపక్కన పెరిగిన రెండు గింజలు రెండు వయసులు చెప్పడం ఇందువల్లే. మొదట్లో దీన్ని యంత్రం తప్పనుకున్నారు, లీకు వెతికారు. తర్వాత తెలిసింది, తేడా గింజలోనే ఉందని. ఇప్పుడు ఒకే రాతి నుంచి యురేనియం తక్కువ, ఎక్కువ ఉన్న గింజలను కావాలనే కలిపి ఏరుతున్నారు. వేర్వేరు వేడిలో చల్లారిన వేర్వేరు గడియారాలు ఒకే చోట దొరికినట్టయింది.

గింజ కాలాక తాయెత్తును బయటికి తీసి ఆమ్లంలో కరిగించి యురేనియం, థోరియం కొలుస్తారు. ఇక్కడా తలంబ్రాల ఉపాయమే. అపటైట్ నత్రికామ్లానికి ఇట్టే లొంగుతుంది. జిర్కాన్ మాత్రం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో, ఒత్తిడి పాత్రలో రోజుల తరబడి ఉడికితే గానీ కరగదు.

కొత్తగా కట్టిన లైనులోకి ఎవరూ ముందుగా తమ ఊరి రాయిని పెట్టరు. మొదట ఖాళీ తాయెత్తు. దాన్నీ లేజరుతో కాల్చి, ఏమీ లేని చోట యంత్రం ఎంత హీలియం చూపిస్తుందో రాసుకుంటారు. ఆ అంకె తగ్గేదాకా కాల్చడం, బిగించడం, మళ్లీ కాల్చడం. వారాలు పడుతుంది. తర్వాత మెక్సికోలో డురాంగో నగరం దగ్గరి ఇనుప గని నుంచి వచ్చిన పసుపుపచ్చ అపటైట్ ముక్క. ప్రపంచమంతా ఒరగల్లుగా వాడే ఆ ముక్క వయసు 3 కోట్ల 14 లక్షల ఏళ్లని ముందే తెలుసు. కొత్త యంత్రం దానికి అదే అంకె చెప్పాలి. ఒకసారి కాదు, పది సార్లు, ఇరవై సార్లు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, కరెంటు పోయి వచ్చాక ఇంకొకటి. ఆ తర్వాతే పళ్లెంలో తర్వాతి గుంటలోకి ఏనుగు మల్లమ్మ కొండ గింజ వస్తుంది.